బండి వెనుక రాత

ముఖం మీద అంటే తగవయ్యే మాటను బండి వెనక రాస్తే తగవు కాదు. ఎవరినీ పేరు పెట్టి అనదు కాబట్టి అడిగేవారుండరు, తగలవలసినవారికి మాత్రం తగులుతుంది. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర, మధురానగర్ వైపు దారిలో రద్దీకి ఆగిన ఆటోల వెనక కనబడేది ఈ రకం సంభాషణే.

ఈ రాతకు పెద్ద పలక లారీ. దాని మీద కొంత రాత చట్టం కోరినది: నేషనల్ పర్మిట్ బండి మీద ఆ సంగతి కనబడాలి. ‘సౌండ్ హారన్’ డ్రైవర్ అవసరం, ఎత్తయిన బాడీ వెనక ఎవరు వస్తున్నారో అద్దంలో కనబడదు కనుక. అనవసరంగా హారన్ మోగించడానికి ఊతమిస్తోందని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో ‘హారన్ ఓకే ప్లీజ్’ను నిషేధించింది. మిగతా చోటంతా యజమానిది.

ఆ చోటులో ఎక్కువ భాగం దిష్టికే పోయింది. ‘నన్ను చూసి ఏడవకురా’, ‘నీ ఏడుపే నా ఎదుగుదల’ అన్న మాటల్లో ఏడుపంటే దుఃఖం కాదు, ఓర్వలేనితనం. చేలో దిష్టిబొమ్మ, కొత్త ఇంటికి బూడిదగుమ్మడి, బండికి నిమ్మకాయా మిరపకాయలూ చేసే పనినే ఈ అక్షరాలు చేస్తాయి. పాతబస్తీ ఆటో మీద ‘మాషా అల్లా’ రాయడం వెనకా ఇదే భయం ఉంది. వాయిదాల మీద కొన్న బండికి చుట్టుపక్కలవాళ్ల కళ్లు తగలకూడదన్న కోరిక మతాన్ని బట్టి మారదు. ‘అమ్మానాన్నల దీవెన’, పిల్లల పేర్లు ఈ బెదిరింపుకు అవతలి వైపు: ఆ బండి ఎవరి కోసం తిరుగుతోందో చెబుతాయి.

కారు వెనక అద్దం మీది కులం పేరూ పరోక్షపు మాటే. పరిచయం లేకుండానే తనవాళ్లను పిలుస్తుంది, మిగతావారిని దూరం పెడుతుంది. ఈ రాతల్లో మేలు చేయనిది ఇదొక్కటే.

ఒకప్పుడు ఇవన్నీ ఎనామిల్ రంగుతో కుంచె పట్టినవారి పని. మూలన పెయింటర్ తన పేరూ రాసుకునేవాడు. రేడియం స్టిక్కర్లు వచ్చాక అక్షరాన్ని యంత్రం కోస్తోంది, ఆ సంతకం పోయింది.

అన్నిటికన్నా బరువైన రాత రెండక్షరాలది. 2009 చివర తెలంగాణ ఉద్యమం ఉధృతమయ్యాక, నంబరు ప్లేటు మీద ‘ఏపీ’ తీసేసి ‘టీజీ’ రాసుకున్నవారు ఎందరో. నిబంధనల ప్రకారం అది తప్పు. అయినా ఊరేగింపులో నడవలేని ఉద్యోగి కూడా స్కూటరు మీద తన పక్షం చెప్పుకోగలిగాడు. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడ్డాక అధికారిక కోడ్ ‘టీఎస్’ అయింది. జనం ముందే రాసుకున్న ‘టీజీ’ 2024 మార్చిలో అధికారికమైంది. ఖైరతాబాద్‌లో రిజిస్టరైన బండికి ఏపీ 09, టీఎస్ 09, టీజీ 09 అని వరసగా కోడ్‌లు వచ్చాయి. పాత బండ్ల నంబర్లు మార్చనక్కరలేదు గనుక మధురానగర్ సందుల్లో ఈ మూడు రకాల బండ్లూ పక్కపక్కనే నిలబడి ఉంటాయి.