భూతల ఓజోన్ - వరంగల్ ప్రాంత వ్యవసాయం

భూతల ఓజోన్ అనగా నేలకు దగ్గరగా, మనుషులు పీల్చే గాలిలో ఏర్పడే ఓజోన్ వాయువు. ఆకాశంలో చాలా ఎత్తున ఉన్న ఓజోన్ పొర సూర్యుని అతినీలలోహిత కిరణాలను అడ్డుకొని జీవులను కాపాడుతుంది. అదే వాయువు నేల మీద ఊపిరితిత్తులకు, పంటలకు హాని చేస్తుంది. వరి, పత్తి, మొక్కజొన్న, మిరప ప్రధాన పంటలుగా ఉన్న వరంగల్ వంటి వ్యవసాయ ప్రాంతాలకు ఇది కంటికి కనిపించని కాలుష్యం.

ఏర్పడే విధానం

ఓజోన్ ఏ గొట్టం నుండీ నేరుగా వెలువడదు. వాహనాలు, బొగ్గు విద్యుత్ కేంద్రాలు విడిచే నత్రజని ఆక్సైడ్లు, తేలికగా ఆవిరయ్యే కర్బన సమ్మేళనాలు ఎండలో చర్య జరిపినపుడు ఇది పుడుతుంది. వాహనాల రద్దీ ఎక్కువగా ఉన్న చోట తాజాగా వెలువడిన నైట్రిక్ ఆక్సైడ్ కొంత ఓజోన్‌ను హరిస్తుంది. అందువలన నగరం నడిబొడ్డున కంటే, గాలి వీచే దిశలో ఉన్న పల్లెలలో ఓజోన్ ఎక్కువగా ఉండవచ్చు.

వరంగల్, హన్మకొండ, కాజీపేట పట్టణాల వాహనాలు, హైదరాబాదు నుండి వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి, చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ తాప విద్యుత్ కేంద్రం ఈ ప్రాంతంలో నత్రజని ఆక్సైడ్లను విడిచే వనరులు. చెల్పూరు 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ఆ ఏడాది కొత్త జిల్లాలు ఏర్పడినపుడు భూపాలపల్లి జిల్లాలో చేరింది. వ్యవసాయానికి కూడా ఇందులో పాత్ర ఉంది. వరి కొయ్యకాళ్ళు, పత్తి కట్టె తగులబెట్టినపుడు వచ్చే పొగ, నీరు నిలిచిన వరిమడుల నుండి వెలువడే మీథేన్ ఓజోన్ పెరగటానికి తోడ్పడతాయి.

పంటలపై ప్రభావం

ఓజోన్ పత్రరంధ్రాల ద్వారా ఆకులోకి ప్రవేశించి కణాలను దెబ్బతీస్తుంది. కిరణజన్య సంయోగక్రియ మందగించి, ఆకు ముందుగానే పండుబారుతుంది. గింజ బరువు తగ్గుతుంది. గోధుమ, సోయాచిక్కుడు, పప్పుధాన్యాలు, పత్తి దీనికి త్వరగా లొంగుతాయి. వరి, మొక్కజొన్న కొంతవరకు తట్టుకుంటాయి.

వానాకాలంలో మబ్బులు, వర్షాల వలన ఓజోన్ సాధారణంగా తగ్గి, ఎండలు పెరిగేకొద్దీ మళ్ళీ హెచ్చుతుంది. అందుచేత యాసంగి పంటలకు ముప్పు ఎక్కువ. నీరు చాలని మొక్క పత్రరంధ్రాలను మూసుకుంటుంది. నీరు బాగా అందిన మొక్క వాటిని తెరచి ఉంచి ఎక్కువ ఓజోన్‌ను లోనికి తీసుకుంటుంది. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద, బావుల కింద సాగయ్యే యాసంగి వరికి ఈ విషయం వర్తిస్తుంది.

ఆకులపై వచ్చే సన్నని మచ్చలను తెగులుగా గాని, పోషక లోపంగా గాని పొరబడే అవకాశముంది. అలాంటపుడు కొట్టిన పురుగుమందు వలన ఖర్చు పెరుగుతుందే తప్ప ఫలితముండదు. మచ్చలు కనిపించకుండానే దిగుబడి తగ్గటం కూడా సంభవమే.

పరిశోధనలు

అమెరికాలోని లాస్ ఏంజలెస్ ప్రాంతంలో 1944లో కూరగాయ పంటల ఆకులు పాడవటం గమనించారు. అక్కడి పొగమంచులోని ఓజోన్ వాహనాల పొగ నుండి ఎండలో పుడుతుందని 1950 దశకం తొలినాళ్ళలో ఏరీ హాగెన్-స్మిట్ నిరూపించాడు. భారతదేశానికి సంబంధించి పూణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ శాస్త్రవేత్తలు, ఇతరులు 2014లో ఒక అంచనాను ప్రచురించారు. దాని ప్రకారం 2005లో ఓజోన్ వలన దేశం సుమారు 35 లక్షల టన్నుల గోధుమ, 21 లక్షల టన్నుల వరి నష్టపోయింది. ఈ నష్టం ముఖ్యంగా మధ్య, ఉత్తర భారతాలలో జరిగింది.

ప్రమాణాలు, నివారణ

2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో ఓజోన్ 8 గంటల సగటున 100, గంట సగటున 180 మైక్రోగ్రాములు మించరాదు. ఐరోపాలో పంటల కోసం వేరే లెక్క ఉంది. గాలిలో వందకోట్ల భాగాలకు 40 భాగాలు దాటిన ఓజోన్‌ను పగటి గంటలన్నిటికీ కూడి, పంటకాలానికి నష్టాన్ని అంచనా వేస్తారు. భారతదేశంలో గాలి నాణ్యతను కొలిచే కేంద్రాలు అధికంగా నగరాలలోనే ఉన్నందున పొలాల మీది ఓజోన్ లెక్కకు అందటం తక్కువ.

ఓజోన్‌ను తట్టుకొనే వంగడాలను ఎంచుకోవటం, కొయ్యకాళ్ళను తగులబెట్టక నేలలో కలియదున్నటం, వరికి తడి-పొడి పద్ధతిలో నీరు పెట్టటం రైతులు చేయగలిగిన పనులు. వాహనాలు, విద్యుత్ కేంద్రాల నుండి వచ్చే నత్రజని ఆక్సైడ్లను తగ్గించటం మాత్రం రైతు చేతిలో లేదు.