తొలి తోడు ఎక్కడిది?

జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చని పాలలో కాస్త పెరుగు కలిపి తోడు పెడతారు. ఆ తోడు నిన్నటి పెరుగు. నిన్నటిదానికి మొన్నటిది తోడు. మరి తొట్టతొలి తోడు ఎక్కడిది? సాఫ్ట్‌వేర్ చరిత్రలోనూ ఇట్టి ప్రశ్న ఒకటి కలదు.

మనిషి చదవగల భాషలో వ్రాసిన ప్రోగ్రాము మూలపాఠం. దానిని యంత్రానికి తెలిసే అంకెలుగా మార్చేది కంపైలర్. అదీ ఒక ప్రోగ్రామే గనుక, దానిని తయారు చేయడానికి అంతకుముందటి కంపైలర్ కావాలి. యూనిక్స్ నిర్మాతలలో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లో ప్రకటించిన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో ఇందలి ప్రమాదాన్ని ఎత్తి చూపారు. కంపైలర్‌లో ఒకసారి మోసం చొప్పిస్తే, మూలపాఠంలో దాని జాడను తుడిచివేసినా అది తరతరాలకు సంక్రమిస్తుంది. పాలు శుద్ధమే, దోషం తోడులో ఉన్నది.

ఇందుకు విరుగుడుగా కొందరు మొదటినుండి మళ్ళీ కట్టుకొని రావడానికి పూనుకొన్నారు. 2023లో గీక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందం 357 బైట్ల చిన్న ప్రోగ్రామును బీజంగా గ్రహించి, మెట్టుమెట్టుగా పెద్ద కంపైలర్ వరకు చేరింది. పనిని నడిపించే సాధనం మాత్రం అప్పటికి సిద్ధరూపంలోనే తీసుకొన్నారు. అయినా, 357 బైట్లను ఓపిక గలవారు ఒక్కొక్కటిగా సరిచూడవచ్చు గదా!

ప్రతి మెట్టుకూ రెండు అవసరం. ఏది ముందు, ఏది వెనుక కట్టాలో చెప్పే బిల్డ్ స్క్రిప్టు ఒకటి. పాత పాఠం కొత్త పనిముట్టుకు పొసగనప్పుడు నాలుగు పంక్తులు సవరించే ప్యాచ్ రెండవది. మార్చిన పంక్తులను మాత్రమే పంపి అతికించే సాధనాన్ని 1985లో లారీ వాల్ రూపొందించారు. మూలపాఠం మారినప్పుడల్లా ఆ సవరణలను తిరిగి సరిచూడవలసినదే. పందొమ్మిదవ శతాబ్దిలో కడపలో సి. పి. బ్రౌన్ స్వంత ఖర్చుతో పండితులను నియమించి, వ్రాతప్రతులను పోల్చి లేఖకదోషాలు దిద్దించిన పనికి ఇది దగ్గరి చుట్టం.

ఈ కాపలా సడలితే ఏమవుతుందో 2024 మార్చిలో తెలిసింది. ఎక్స్‌జెడ్ అనే సాధనాన్ని ప్రధానంగా ఒకే స్వచ్ఛంద సేవకుడు నిర్వహిస్తూ అలసిపోయి ఉన్నాడు. సహాయకుడుగా చేరిన అపరిచితుడు సుమారు రెండేళ్ళలో నమ్మకం సంపాదించాడు. రహస్యద్వారాన్ని తెరిచే పంక్తులను విడుదల కట్టలోని బిల్డ్ స్క్రిప్టులో దాచాడు. బహిరంగ మూలపాఠ భాండారంలో అవి లేవు. సర్వరులోకి ప్రవేశించడానికి అర సెకను ఆలస్యమవుతున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనుమానించి వెదకడంతో, అది విస్తృతంగా వ్యాపించకముందే బయటపడింది.

లోకంలోని సర్వరులనేకం ఇట్టి సాఫ్ట్‌వేర్ మీదనే నడుస్తున్నవి. కనుక ఆ సూచికలను, సవరణలను చదివే కళ్ళు మరిన్ని కావాలి. పాఠం అందరికీ తెరిచియే ఉన్నది. ప్రొద్దుటూరు, పులివెందుల ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు ఒక్కొక్క స్క్రిప్టును తీసుకొని చదవడానికి పూనుకొన్నా, ఎక్కడో ఒంటరిగా శ్రమించేవానికి అది పెద్ద ఆసరా.