గడియారాన్ని నెమ్మదింపజేసి గెలిచిన చిప్

2000 నవంబరులో ఇంటెల్ సంస్థ పెంటియం 4ను విడుదల చేసింది. వేగం 1.5 గిగాహెర్ట్జ్. అంటే చిప్‌లోని గడియారం సెకనుకు 150 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. అంతకు కొద్ది నెలల ముందు గొప్పగా చెప్పుకున్న పెంటియం 3 వేగం 1 గిగాహెర్ట్జే. అయితే పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఒకే పని అప్పజెప్పి చూసినవాళ్లు తెల్లబోయారు. వీడియోలను కుదించడం లాంటి పనుల్లో కొత్త చిప్ ముందుంది. ఉత్తరాలు, లెక్కల పట్టికలు వంటి రోజువారీ ఆఫీసు పనుల్లో మాత్రం చాలాచోట్ల పాతదే దానికి సాటిగా నిలిచింది, కొన్నిచోట్ల దాటిపోయింది కూడా. గడియారం ఒకటిన్నర రెట్లు వేగంగా కొట్టుకుంటుంటే, ఆ వేగమంతా ఎక్కడికి పోతున్నట్టు?

కట్టుబడి దగ్గర ఇటుకలు చేతులు మార్చే కూలీల వరుసను తలచుకుంటే సంగతి తెలుస్తుంది. వరుసలో ఎక్కువమంది ఉంటే ఒక్కొక్కరు చేయి చాపాల్సిన దూరం తగ్గి, ఇటుక చకచకా చేతులు మారుతుంది. కానీ పైనున్న మేస్త్రీ ‘ఇవి కాదు, వేరేవి పంపండి’ అన్నాడంటే దారిలో ఉన్నవన్నీ దించేసి మళ్లీ మొదలుపెట్టాలి. వరుస ఎంత పొడవైతే నష్టం అంత ఎక్కువ. ప్రోగ్రాములో ‘ఇలా అయితే అటు, లేకపోతే ఇటు’ అనే మలుపు వచ్చినప్పుడల్లా ప్రాసెసర్ ఏ దారి పడుతుందో ముందే ఊహించి పని మొదలుపెడుతుంది. ఊహ తప్పితే చేసినదంతా వృథా. పెంటియం 4లో ఆ వరుస, అంటే పైప్‌లైన్, పెంటియం 3తో పోలిస్తే రెట్టింపై 20 అంచెలకు చేరింది.

ఇంటెల్ ఇంజనీర్లకు ఇది తెలియక కాదు. గడియారాన్ని పెంచుకుంటూ పోతే ఆ నష్టం పూడుతుందని నమ్మారు. ఈ నమూనా 10 గిగాహెర్ట్జ్ దాకా సాగుతుందని అంచనా వేశారు. కొనేవాళ్లూ ఆ సంఖ్యనే చూశారు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ దుకాణాల్లోనైనా అప్పట్లో మొదటి ప్రశ్న ‘ఎన్ని గిగాహెర్ట్జ్?’ అనేదే. ఆ ప్రశ్నకు జడిసే పోటీదారు ఎఎండీ 2001లో తన 1.53 గిగాహెర్ట్జ్ అథ్లాన్ ఎక్స్‌పీకి 1800+ అని పేరు పెట్టుకుంది.

2002 చివరికి పెంటియం 4 మూడు గిగాహెర్ట్జ్ దాటింది. 2004 ఫిబ్రవరిలో ప్రెస్కాట్ వచ్చింది. 90 నానోమీటర్ల సన్నని నిర్మాణం, 31 అంచెల పైప్‌లైన్. ఇక ఆకాశమే హద్దనుకున్నారు. తీరా చూస్తే ట్రాన్సిస్టర్లు అంత చిన్నవయ్యేసరికి, పని లేనప్పుడు కూడా వాటిగుండా కరెంటు కారిపోతోంది. చిప్ 100 వాట్లు దాటి వేడెక్కింది. అదే వేగంలో ఉన్న పాత చిప్ కంటే చాలా పరీక్షల్లో ముందడుగు వేయలేకపోయింది. ఆ మే నెలలో తర్వాతి చిప్ తేజాస్‌ను రద్దు చేశారు. అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4నూ వదులుకున్నారు. సంస్థ అధిపతి క్రెయిగ్ బారెట్ ఒర్లాండో సదస్సులో, సరదాగానే అయినా, వేదిక మీద మోకరిల్లి క్షమించమన్నారు.

దారి మరోచోట అప్పటికే తెరుచుకుని ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఇంటెల్‌కు 1974 నుంచీ ఒక డిజైన్ కేంద్రం ఉంది. అక్కడి బృందం చవక కంప్యూటర్ల కోసం టిమ్నా అనే చిప్‌ను రూపొందించింది. అది ర్యాంబస్ మెమరీని నమ్ముకుంది, ఆ మెమరీ ధర దిగలేదు. 2000లో టిమ్నాను మొదలంటా రద్దు చేశారు. అంత శ్రమా నీళ్లపాలైనా ఆ బృందం చెదిరిపోలేదు. లాప్‌టాప్‌ల కోసమే ప్రత్యేకంగా ఒక ప్రాసెసర్ చేసే పని చేపట్టింది. టిమ్నా బతికి ఉంటే ఈ కథ ఎటు తిరిగేదో!

లాప్‌టాప్‌కు బ్యాటరీయే ప్రాణం. గడియారాన్ని తరిమితే అది గంటలో అడుగంటుతుంది. అందుకే వాళ్లు గడియారం కొట్టే ప్రతి దెబ్బకూ ఎంత పని జరుగుతోందని అడిగారు. 1995 నాటి పెంటియం ప్రో వంశాన్ని మళ్లీ పట్టుకున్నారు. మలుపులను ఊహించే పద్ధతిని పదును పెట్టారు, జంటగా నడిచే సూక్ష్మ ఆదేశాలను ఒకటిగా కలిపారు, వాడని భాగాలను నిద్రపుచ్చారు. 2003 మార్చిలో పెంటియం ఎమ్ వచ్చింది. 1.6 గిగాహెర్ట్జ్‌తో, పాతిక వాట్లు కూడా దాటకుండా, చాలా పనుల్లో 2.4 గిగాహెర్ట్జ్ పెంటియం 4కు దీటుగా నిలిచింది. ఔత్సాహికులు ఊరుకుంటారా? ఏసుస్ చేసిన చిన్న అడాప్టర్ పెట్టి ఈ లాప్‌టాప్ చిప్‌ను డెస్క్‌టాప్ బోర్డుల్లో బిగించి పరీక్షించారు. తయారీదారు డెస్క్‌టాప్‌కు తేకముందే వాడేవాళ్లు తెచ్చేశారు!

ఆ ఆలోచననే హైఫా బృందం విస్తరించింది. 2006 జులైలో కోర్ 2 డుయో విడుదలైంది. 14 అంచెలు, దెబ్బకు నాలుగు ఆదేశాలు అందుకునే వెడల్పు. 2.4 గిగాహెర్ట్జ్ ఇ6600, అంతకుముందు రారాజైన 3.73 గిగాహెర్ట్జ్ పెంటియం ఎక్స్‌ట్రీమ్ ఎడిషన్ 965ను చాలా పరీక్షల్లో ఓడించింది. విద్యుత్ పరిమితి 130 వాట్ల నుంచి 65కు, ధర 999 డాలర్ల నుంచి 316కు దిగాయి.

పెంటియం 4 శ్రమ అంతా వృథా కాలేదు. ఒకే కోర్ రెండు పనులను కలిపి నడిపే హైపర్ థ్రెడింగ్ 2008లో కోర్ ఐ7తో తిరిగి వచ్చింది. చేయి జారిన ఆ 4 గిగాహెర్ట్జ్ మూలవేగాన్ని ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్ అందుకున్నది మాత్రం 2014లో, కోర్ ఐ7-4790కెతో.