చివరి పేజీ లేని డిటెక్టివ్ నవల

ఎలరీ ఆడమ్స్ సీరీసులో స్టోరీటన్ హాల్ అనే హోటలుంటుంది. జనం పుస్తకాలు చదువుకోడానికే అక్కడికొస్తారు, మధ్యలో హత్యలు! అది చదువుతుంటే మా నల్గొండ గుర్తొచ్చింది. చిన్నప్పుడు అద్దెకు తెచ్చుకున్న కొమ్మూరి సాంబశివరావు నవలలో చివరి పేజీ చిరిగిపోయింది. డిటెక్టివ్ యుగంధర్ ఎవర్ని పట్టుకున్నాడో ఇప్పటికీ తెలీదు :)

అదే పెద్ద కష్టమనుకునేవాణ్ణి, మా ఊరి చరిత్ర చదివేదాకా. నిజాం కాలంలో కచేరీలూ, పైచదువులూ ఉర్దూలోనే. అయినా 1918లోనే నల్గొండలో తెలుగు గ్రంథాలయం పెట్టుకున్నారు. 1922లో షబ్నవీసు వెంకటరామనరసింహారావు ఇక్కణ్ణుంచే 'నీలగిరి' పత్రిక మొదలెట్టారు. తర్వాత గస్తీ నిషాన్ 53 వచ్చింది, సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. గ్రంథాలయ సభలకూ అదే తిప్పలు.

నాకు పోయింది ఒక్క పేజీ. వాళ్ళకి తెలుగు పుస్తకం చేతికందడమే గొప్ప. ఈసారి ఊరెళ్తే గ్రంథాలయానికి వెళ్ళాలి. ఆ నవల అక్కడైనా పూర్తిగా దొరుకుతుందేమో!