విల్లు ఎవరి చేతిలో నేరమైంది?

2025 ఏప్రిల్ మొదటి ఆదివారం మూసాపేటలో మా ఇంటికి ఒక పాత విద్యార్థి వచ్చాడు. అమ్రాబాద్ వైపు చెంచు పిల్లవాడు. డిగ్రీ అయిపోయి, రాత్రిళ్లు మాదాపూర్‌లో ఒక ఆఫీసు గేటు దగ్గర కాపలా కాస్తున్నాడు. నేను అప్పుడు ప్రబంధాల్లో వేట వర్ణనల మీద నోట్స్ రాసుకుంటున్నాను. మాటల మధ్యలో "మీ తాత విల్లు పట్టేవాడా?" అని అడిగాను. అతను ముందు తలుపు వైపు చూశాడు. మా ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అయినా చూశాడు.

"తాత ఆ మాట బయట ఎత్తొద్దనేటోడు సార్. కేసులైతయని."

టీ తాగాక కొంచెం కొంచెంగా చెప్పాడు. "ఒక నీళ్ల కాడ రెండుసార్లు దెబ్బ తగిల్తే దుప్పులు ఆ నీళ్లను ఇడిసిపెడ్తయి. తాగక తప్పకపోతే చీకట్ల వచ్చి పోతయి. ఇగ తాత ఆ దిక్కు పోకపోయేది. ఎన్ని దినాలు పోవు తాతా అంటే, అవి మర్సిపోయేదాకరా అనేటోడు."

ఈ వారం భాగం ఆ మాట గురించే.

దుప్పి సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. గాలి ఎటు వీస్తుందో చూసుకుని గానీ అది నీళ్లలో మూతి పెట్టదు. అనుమానం వస్తే ముందు కాలు నేలకేసి కొడుతుంది, తోక నిలబెడుతుంది, ఒక్కటి అరిస్తే మంద మొత్తం ఆగిపోతుంది. చెట్టు మీద కొండముచ్చులు దానికి కాపలా. అవి పైనుంచి చూస్తాయి, ఇది కింద నుంచి వాసన పడుతుంది. ఒక చోట ప్రాణం మీదికి వస్తే ఆ చోటుకు వచ్చే దారి మార్చుకుంటుంది, వేళ మార్చుకుంటుంది. పగటి మృగం రాత్రి మృగమైపోతుంది.

విల్లుతో వేటాడే మనిషికి ఇది చావుదెబ్బ. ఎందుకో లెక్క వేసి చూడండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కట్టె విల్లు నుంచి వదిలిన బాణం యాభై మీటర్లు పోతే గొప్ప. ఇరవై మీటర్ల దూరంలో దుప్పి ఉందనుకుంటే, నారి మోగిన చప్పుడు దాని చెవికి బాణం కంటే సెకనులో మూడో వంతు ముందే చేరుతుంది. నిమ్మళంగా మేస్తున్న దుప్పికి ఆ కాస్త సమయం చాలదు. బెదిరి ఉన్న దుప్పికి చాలు. ఉరకడానికి ముందు అది ఒళ్లు కిందికి కుదించుకుంటుంది, బాణం వీపు మీది నుంచి పోతుంది. అంటే విల్లు పట్టినవాడికి దుప్పి నమ్మకంగా ఉండటమే కావాలి. దాని నమ్మకం పోయిన చోట ఇతని పని అయిపోయినట్టే. ఆ చోటును వదిలేయడం తప్ప దారి లేదు. దీన్ని అహింస అని పొగిడితే నేను ఒప్పుకోను. ఇది కడుపు లెక్క. కానీ ఆ లెక్కలో జింక మాట చెల్లుతుంది.

తుపాకీకి ఆ అవసరం లేదు. రెండు వందల మీటర్ల అవతల బెదిరి నిలబడ్డ జంతువైనా ఒకటే. రాజుల వేటకైతే బెదరడమే కావాలి. డప్పులు కొట్టి, కేకలు పెట్టి అడవిని ఒక వైపు నుంచి తోలుకుంటూ వస్తే దొర మంచె మీద కూర్చుని కాలుస్తాడు. తోలేవాళ్లు ఎవరో, వాళ్లకు కూలి ఎంత ముట్టిందో వెట్టి చరిత్ర తెలిసిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో ఎంత పేరున్నవాడో హైదరాబాద్‌లో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. వనస్థలిపురం దగ్గర ఇవాళ పిల్లల్ని తీసుకెళ్లి కృష్ణజింకల్ని చూపించే మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట మైదానం. 1975లో దాన్ని జింకల పార్కు చేశారు.

ప్రబంధాలూ ఇంతే. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేటకు పోతాడు. ఈ కావ్యాల్లో ఏ మృగం ఎక్కడ తిరుగుతుందో తెలిసినవాళ్లు అడవి మనుషులు, బాణం గురి ఘనత మాత్రం రాజుది. ఎరుక వాళ్లది, వర్ణన రాజుకు. నేను పీహెచ్‌డీ చేసిన రోజుల్లో ఈ పద్యాల్లో సమాసాలు విప్పడం నేర్చుకున్నాను, ఈ ప్రశ్న వేయడం నేర్చుకోలేదు. ధూర్జటి తిన్నడి కథ చెప్పినప్పుడైనా, ఆ బోయ పిల్లవాడు గొప్పవాడయ్యేది కన్ను పెకలించి ఇచ్చాకనే. ఏకలవ్యుడి బొటనవేలు గురించి మళ్లీ రాయను, మీకు విసుగు.

హైమన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ గుట్టల మీదికి వచ్చి చెంచుల పెంటల్లో ఉండి రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. అందులో ఆయన స్పష్టంగా చూపించింది ఒకటుంది. చెంచులు ప్రధానంగా గడ్డలు తవ్వుకుని, పండ్లు ఏరుకుని బతికేవాళ్లు. తవ్వుకోల వాళ్లకు రోజువారీ పనిముట్టు. వేట వాళ్ల తిండిలో చిన్న భాగం. ఇది గుర్తుపెట్టుకుని చట్టం దగ్గరికి రండి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఆపిందని మనం చదువుకున్నాం. పూర్తిగా నిజం కాదు. ఆ చట్టంలో వేట లైసెన్సులు ఉండేవి. పెద్ద జంతువులకు ఒకటి, చిన్న జంతువులకు ఒకటి. ఫీజు కట్టి, తుపాకీ ఉండి, దరఖాస్తు రాయగలిగినవాడికి దారి ఉంది. నీటి గుంటల దగ్గర కాపు కాసి కొట్టొద్దని ఆ లైసెన్సుదారుకు చట్టంలోనే నిబంధన పెట్టాల్సి వచ్చింది. నీళ్ల కాడ కాపు కాయడం చెంచు తాత కూడా చేశాడు, దాచను. ఎప్పుడు ఆపాలో అతనికి దుప్పి చెప్పింది, షికారీకి గెజిట్ చెప్పాల్సి వచ్చింది. ఆ లైసెన్సుల పద్ధతి పోయింది 1991 సవరణతో. దాదాపు ఇరవై ఏళ్లు కాగితం ఉన్నవాడు వేటగాడు, కాగితం లేనివాడు దొంగ.

అదే చట్టం 65వ సెక్షన్‌లో నికోబార్ దీవుల ఆదివాసుల వేట హక్కులను కాపాడింది. అంటే అలాంటి మినహాయింపు రాయడం చేతకాక కాదు. నల్లమలకు ఆ వాక్యం రాయలేదు. 2006 అటవీ హక్కుల చట్టం చారిత్రక అన్యాయాన్ని సరిచేస్తామని పీఠికలోనే ఒప్పుకుంది. సంప్రదాయ హక్కులన్నీ ఇస్తూ వేటను మాత్రం పేరుపెట్టి మినహాయించింది. ఈ దేశంలో పులి ఎంత దెబ్బతిన్నదో చూస్తే ఆ నిషేధానికి కారణం నాకు అర్థమవుతుంది. నేను వేట లైసెన్సు అడగడం లేదు. నాకు మింగుడుపడనిది వేరే. నిషేధం వేటతో ఆగలేదు, వేట గురించిన మాట దాకా వచ్చింది. దుప్పి ఎప్పుడు బెదురుతుందో తెలిసిన మనిషి ఆ సంగతి మనవడికి గుసగుసగా చెప్పాల్సి వచ్చింది. అదే ఎరుక కోసం అటవీ శాఖ చెంచుల్నే కాపలాకు, పులి జాడ పట్టడానికి కూలికి పెట్టుకుంటుంది. మళ్లీ ప్రబంధమే.

అమెరికాలో విల్లువేట ఇవాళ లక్షలమంది సరదా. విస్కాన్సిన్ రాష్ట్రం 1934లోనే విల్లుకు విడిగా జింకల సీజన్ పెట్టింది. వాళ్ల విల్లువేటకు గురువుగా చెప్పుకునే డాక్టర్ సాక్స్టన్ పోప్ ఆ విద్య నేర్చుకున్నది ఇషి దగ్గర. కాలిఫోర్నియాలో తెల్లవాళ్లు ఊచకోత కోసిన యాహి జాతిలో మిగిలిన ఆఖరి మనిషి ఇషి. 1911లో ఆకలితో అడవి బయటికి వస్తే తీసుకెళ్లి మ్యూజియంలో ఉంచారు. వేటకు ముందు రోజు చేప తినకూడదు, పొగ తాగకూడదు, పొద్దున్నే వాగులో మునిగి ఆకులతో ఒళ్లు రుద్దుకోవాలి, జింకకు మనిషి వాసన తగలకూడదు అని పోప్‌కు చూపించింది అతనే. 1916లో క్షయతో చనిపోయాడు. 1923లో పోప్ పుస్తకం వచ్చింది. పోప్ పేరు మీద క్లబ్బు ఉంది. ఇషి మెదడును కోసి తీసి దాచారు. అది అతని సంబంధీకుల చేతికి 2000లో వచ్చింది.

మా విద్యార్థి ఆ ఆదివారం రావడానికి వారం ముందు, ఉగాది రోజున, కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం పడ్డారు, దెబ్బలు తిన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అప్పటికే చాలా చెట్లు పోయాయి. దుప్పులు బయటికి పరిగెత్తిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. నేను ఫోన్‌లో అతనికి ఒకటి చూపించాను. రెండుసార్లు చూశాడు.

"ఇవి బెదిరినయి కావు సార్. బెదిరిన దుప్పి ముందు నిలబడ్తది, చూస్తది, ఎటు పోవాల్నో దానికి ఎరుకుంటది. వీటికి పోయే జాగనే లేదు."

ఏడింటికి అతనికి డ్యూటీ. కైతలాపూర్ ఫ్లైఓవర్ దాకా బండి మీద దింపాను. దిగాక, "తాత విల్లు సంగతి రాస్తే మా ఊరు పేరు రాయకుండ్రి సార్" అన్నాడు. రాయలేదు.