పరిచారకురాలు అనే మాట వెనుక



రోమా పత్రిక 16వ అధ్యాయము పేర్ల పట్టికలా ఉంటుంది గనుక చాలామంది త్వరగా దాటిపోతారు. కానీ మొదటి పేరు దగ్గరే ఆగవలసిన పని ఉంది. ఫీబే. ఆమెను పౌలు సంఘ పరిచారకురాలు అంటున్నాడు. ఆ గ్రీకు మాటలోనుండే ఇంగ్లీషువారి డీకనెస్ అనే మాట వచ్చింది. వందల యేండ్లు సంఘము దాదాపు మరచిపోయిన ఆ పనిని తిరిగి లేపినవారిలో ఒకడు జర్మనీ దేశపు చిన్న ఊరి పాస్టరు.

ఆయన పేరు థియోడోర్ ఫ్లీడ్నర్. 1822లో, 22 యేండ్ల వయసులో, రైన్ నది ఒడ్డున ఉన్న కైసర్స్‌వర్త్‌కు వచ్చాడు. ఊరంతా కాథలిక్కులే, ఈయన సంఘము చిన్నది. సంఘస్థులకు కూడు పెట్టే బట్టల మిల్లు ఆయన వచ్చిన కొద్ది రోజులకే దివాలా తీసింది. పాస్టరుకు జీతమిచ్చే దిక్కు లేదు. వేరే సంఘానికి వెళ్ళిపోవచ్చు, పిలుపు కూడా వచ్చింది. ఆయన వెళ్ళలేదు. సంచి భుజాన వేసుకొని హాలెండు, ఇంగ్లాండు తిరిగి చందాలు అడిగాడు. (చందా పుస్తకం పట్టుకొని తిరిగిన పాస్టర్లకు ఆ అడుగులు ఎంత బరువో తెలుసు.) ఆ ప్రయాణంలోనే చెరసాలల్లో ఎలిజబెత్ ఫ్రై చేస్తున్న పరిచర్యను గూర్చి తెలుసుకున్నాడు.

1833లో చెరసాల నుండి విడుదలైన ఒక స్త్రీ తలదాచుకోను చోటు లేక ఆయన ఇంటికి వచ్చింది. తోటలో ఉన్న చిన్న గదిని ఆమెకిచ్చారు. అక్కడ మొదలైంది. 1836లో చేతిలో డబ్బు లేకుండానే ఊళ్ళో ఒక పెద్ద ఇల్లు కొని, అక్టోబరు 13న రోగుల కొరకు తెరిచాడు. లోపల ఉన్నవి విరిగిన కుర్చీలు, పురుగు తొలిచిన మంచాలు. మొదటి రోగి కాథలిక్కు పనిమనిషి. మొదటి పరిచారకురాలు గెర్ట్రూడ్ రైఖార్ట్. వైద్యుని కుమార్తె, తండ్రి ప్రక్కన ఉండి రోగులను చూసిన అనుభవం ఉన్నది, వయసు 48. ఫ్లీడ్నర్ భార్య ఫ్రీడరికె అందరికీ పెద్ద. ఈ పని చరిత్రలో భర్త పేరే ఎక్కువగా వినబడుతుంది గాని, ఇల్లు నడిపినది ఆమె.

అక్కడికి వచ్చిన పిల్లలు పుస్తకంతో మొదలుపెట్టలేదు. తుడవడం, ఉతకడం, రోగిని కడగడం, రాత్రి మెలకువగా కూర్చోవడం, కట్టు కట్టడం. ఆ పనితోపాటే పాఠము. 1851లో ఇంగ్లాండు నుండి ఒక ధనవంతుల అమ్మాయి వచ్చి మూడు నెలలు అలాగే ఉన్నది. సంగతి బయట తెలియకూడదని ఇంట్లోవారి కోరిక, పరువు పోతుందని. ఆమె ఫ్లోరెన్స్ నైటింగేల్. తొమ్మిదేండ్ల తరువాత లండన్‌లో సెయింట్ థామస్ ఆసుపత్రి వద్ద నర్సుల శిక్షణ పాఠశాల ఆమె పేరున మొదలైంది. అయితే కైసర్స్‌వర్త్‌లో శుభ్రత చాలా అధ్వాన్నమని, భక్తి మాత్రం గొప్పదని ఆమె తరువాత చెప్పినది. ఈ మాట మన ప్రసంగాలలో ఎవరూ చెప్పరు. భక్తి ఉన్నంత మాత్రాన గాయము మానదు, చేతులు కడుక్కోవాలి.

1849లో ఫ్లీడ్నర్ తానే నలుగురు పరిచారకురాండ్రను అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు తీసుకెళ్ళాడు. అమెరికా లూథరనులే అంతకు ముందు, 1842లో, ఫాదర్ హయ్యర్‌ను మన గుంటూరుకు పంపారు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లరమ్మ వచ్చినదీ ఆ సంఘాల నుండే. 1898లో ఆమె స్త్రీల కొరకు ఆసుపత్రి తెరిచింది. మన ఆడపిల్లలు తెల్ల చీర కట్టి, వాచీ చూసి నాడి పట్టడం నేర్చుకున్నది ఇలాంటి మిషను ఆసుపత్రులలోనే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఇంటరు అయిన కూతురిని పట్నంలో నర్సింగ్ అసిస్టెంటుగా చేర్చమంటారా అని ఒక తల్లి అడిగింది. "బెడ్‌పాను ఎత్తే పని కదండీ అయ్యగారూ, చుట్టాలు నవ్వుతారు" అన్నది. నవ్వేవారు నైటింగేల్ ఇంట్లోనూ ఉన్నారమ్మా అన్నాను. అయితే రెండు సంగతులు కూడా చెప్పాను.

కైసర్స్‌వర్త్ పరిచారకురాండ్రకు జీతం లేదు, చేతిఖర్చుకు కొంచెం ఇచ్చేవారు. కానీ వ్యాధి వచ్చినా, వృద్ధాప్యం వచ్చినా ఆ ఇల్లే వారిని చూసుకునేది. ఈ రెండో సగం దాచి, సేవ చేయమ్మా అని జీతం ఎగ్గొట్టేవారు మనలోనూ ఉన్నారు. పనివాడు తన జీతమునకు పాత్రుడని ప్రభువే చెప్పాడు, పనిమనిషికైనా నర్సుకైనా అదే లెక్క.

రెండవది, కొద్ది నెలల అసిస్టెంటు సర్టిఫికెట్టుతో నర్సు కాలేరు. అది గుమ్మం మాత్రమే. ఏ.ఎన్.ఎం. రెండేండ్లు, జి.ఎన్.ఎం. మూడేండ్లు, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేండ్లు, ఇవి చదివినవారికే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదవుతుంది. అసిస్టెంటుగా చేస్తూ, ఈ పని తనకు సరిపడుతుందో లేదో ఏడాదిలో తెలుసుకొని, జీతంలో కొంత దాచుకొని పై కోర్సులో చేరితే మంచిదే. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉన్నదా అని కాగితం చూపించమని అడగండి. చూపించకపోతే ఆ మెట్లు దిగి వచ్చేయండి. అడగడానికి మొహమాటమైతే నన్ను పిలవండి, ఆదివారం ఆరాధన అయ్యాక ఏ రోజైనా వస్తాను.