కాచు, కషాయము, క్రైస్తవుడు: కొన్ని మాటల పుట్టుక

ఇంగ్లీషు నిఘంటువునందు 'కాటెచూ', 'కాటెక్యూమెన్' అను రెండు మాటలు ఒకదాని వెంట నొకటి కనబడును. మొదటిది తాంబూలమున వక్కతోను సున్నముతోను చేరు కాచునకు పేరు. రెండవది క్రైస్తవమతమున చేరనెంచి, బాప్తిస్మమునకు పూర్వము ఉపదేశము వినుచున్నవానికి పేరు. ఆ లిపిలో వ్రాసినచో మొదటి యేడక్షరములును రెంటికిని సమానము. అంతమాత్రమున వీనికి చుట్టరికము కల్పించుట తగదు. ఐనను వేఱు వేఱు చోట్ల పుట్టిన యీ రెండు మాటలను తెలుగునాట చరిత్ర ఒకచోటికి తెచ్చినది. ఆ సంగతినే యిచ్చట విచారింపదలచితిమి.

'కాటెచూ' మన దక్షిణదేశపు మాటయే. తెలుగునను కన్నడమునను కాచు అందురు. మలయాభాషలోను ఇదే మాట కలదు. ఐరోపా వర్తకుల నోటబడి అది లాటిను వేషము ధరించినది. చండ్రచెట్టు చేవను ముక్కలుగా కొట్టి, నీట మరిగించి, ఆ నీటిని చిక్కబరచి ఆరబెట్టిన పదార్థమే కాచు. ఆ చెట్టును సంస్కృతమున ఖదిరమందురు. 1839లో రైన్ష్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కాచునుండి రాబట్టిన ద్రవ్యమే నేటి రసాయనశాస్త్రమున 'కాటెకాల్' అని పిలువబడుచున్నది. పల్లెలోని తమలపాకుల పళ్ళెమునుండి బయలుదేరిన మాట ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిట స్థిరపడినది.

'కాటెక్యూమెన్' గ్రీకుమాట. చెవిలో మ్రోగునట్లు చెప్పుట అను క్రియనుండి పుట్టినది. ప్రతిధ్వనికి ఇంగ్లీషువారు వాడు 'ఎకో' దీనికి దగ్గరి చుట్టము. కావున దీని యర్థము 'వినిపింపబడినవాడు'. బౌద్ధజైనులు శిష్యునకు వాడిన శ్రావకశబ్దమునకును అర్థము 'వినువాడు' అనియే గదా. మతము మారుటను తెలుగు బైబిలు 'మారుమనస్సు' అను చక్కని మాటతో సూచించినది. లోకము మాత్రము పోర్చుగీసు మాటను మార్చి 'కిరస్తానీ' అని, పలుమారు ఈసడింపుగానే, పిలిచినది.

ఇక వగరు సంగతి. వగరునిచ్చు ద్రవ్యమును శాస్త్రజ్ఞులు 'టానిన్' అందురు. తోలు పదునుపెట్టుటకు ఫ్రాన్సు దేశమున వాడిన ఓకుచెట్టు పట్టకు 'టాన్' అని పేరు. దానినుండి వచ్చినదే ఈ మాట. మన దేశమున ఆ పని తంగేడుపట్ట, తుమ్మపట్ట, కరక్కాయ చేసినవి. కాచును కూడ వాడుదురు. పచ్చితోలు ఊరకుండిన కుళ్ళిపోవును. వగరునీట నానినచో టానిన్ తోలునందలి మాంసకృత్తులను పట్టుకొని కుళ్ళనీయదు. 2008లో విమానాశ్రయము వెలసిన శంషాబాదువంటి తెలంగాణపు మెట్టనేలలలో తంగేడు తానై పెరుగును. దాని పూవు బతుకమ్మయై పూజలందుకొనును. దాని పట్ట మాదిగవాడలోని లందలో పడి తోలును కాపాడెను. ఆ తోలే రైతునకు మోటయైనది, చెప్పులైనది, ఊరికి డప్పైనది.

సంస్కృతమున వగరునకు కషాయమని పేరు. వగరుచెట్ల పట్టలు కాచిన ఎఱ్ఱనినీటికిని అదియే పేరు. ఆ నీట రంగు పట్టించిన వస్త్రము కాషాయము. దానిని ధరించినవానికి రాజులు సయితము మ్రొక్కిరి. అట్టి వగరునీటనే తోలు నానవేసినవానిని ఊరి వెలుపల నుంచితిమి. నీరొకటే, బట్ట తడిసిన పవిత్రము, తోలు తడిసిన అపవిత్రము! ఈ అంటు మాటలో లేదు, చెట్టులో లేదు. మన చూపులో కలదు.

ఇట్లు వెలియైనవారిలోనే 'వినువారు' లేచిరి. 1866లో బాప్తిస్మము పొందిన యెఱ్ఱగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారము చేసిన మాదిగ. ఒంగోలు చుట్టుపట్ల తనవారికి ఆయనయే ముందుగా బోధించెను. 1876-78 నాటి కరవులో జాన్ క్లౌ దొర కాలువపని పెట్టించి వారికి కూలి చూపెను. కూటికై మతము మారిరను మాట రాకుండ అంతకాలము బాప్తిస్మములు ఆపెను. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వీరి కథలను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో గ్రంథముగా ప్రకటించి, దానికి 'చెప్పులు కుట్టుచుండగా' అను నర్థము వచ్చు పేరు పెట్టెను. తెలంగాణమున మెదకు, డోర్నకలు ప్రాంతములందును మాలమాదిగలే విశేషముగా ఈ మతమున చేరిరి.

పేరు మారినంతనే బ్రదుకు మారినదా? కొన్ని దేవాలయములలో మాలమాదిగలు వేఱువేఱుగా కూర్చుండిరి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును అది విస్తరించెను, క్రైస్తవులకు విస్తరింపలేదు. తెలుగు రాష్ట్రములు షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల 'సి' వర్గమున చేర్చినవి. ఊరు మాత్రము ఏ మతమువాడని యడుగుటకు ముందే ఏ వాడవాడని యడుగుచునే యున్నది.

తోలుపని చేసినవానిని పనిపేరుతో కించపరచిన సంఘమునకు, అతనిని 'వినువాడు' అని పిలిచిన మాట ఒక పాఠము. విననేర్చుట అతని వంతు మాత్రమే కాదు. మన యిండ్లలో పిల్లలకు తంగేడుపూవును చూపునప్పుడు దాని పట్ట కథయు, ఆ పట్టతో పనిచేసిన చేతుల కథయు చెప్పుదుము గాక. ఆ కథ వినుటతోనే మన మారుమనస్సు మొదలగును.